గురుమూర్తి కళ్ళు, నాగరత్నమ్మ చేతులు

అక్షరాలు అరవై తొమ్మిదో ఏట నేర్చుకున్నాను, తప్పులుంటే మన్నించండి. ఇంతమాత్రం రాయడానికి నెల పట్టింది. (ఇందులోని ఆఫీసులకు అంతకన్నా ఎక్కువే పట్టింది.)

పెద్దవాళ్ళు బండి నడపడం ఎప్పుడు మానాలో ఇంట్లోవాళ్ళకు తెలియదు, డాక్టరుకూ తెలియదు. అది వృద్ధ చోదకుల విరమణ విభాగానికి మాత్రమే తెలుసు.

కలకడ గురుమూర్తికి డెబ్బయ్యారేళ్ళు. చక్కెర జబ్బు, పాదాల్లో తిమ్మిరి, రెండు కళ్ళకూ పొర. అయినా మోపెడ్ మీదే మదనపల్లె వెళ్ళి మందులు తెచ్చుకునేవాడు. వెనక కూర్చున్న భార్య నాగరత్నమ్మ కుడి భుజం తడితే కుడికి, ఎడమ తడితే ఎడమకి, రెండూ తడితే బ్రేకు. ఒకనాడు ఆమె కునుకు తీసింది. మోపెడ్ నేరుగా టమోటా క్రేట్లలోకి పోయింది. బండి ఆగిన చివరి క్రేటు పక్కనే ఒక పసిబిడ్డ నిద్రపోతోంది.

"ఇంక బండి ముట్టొద్దప్పా," అందామె.

"ఆఫీసోళ్ళు చెప్తే మానేస్తా మే. నువ్వు చెప్తే యాల మానాల?"

మదనపల్లెలోని విభాగం ఆఫీసులో చక్కెర పరీక్ష కాగితం చూసి, పాదాలు తమ పరిధి కాదని పుంగనూరు పంపారు. పుంగనూరులో పాదాలు గుచ్చి చూసి, కళ్ళకు కుప్పం వెళ్ళమన్నారు. (మనిషిని ముక్కలుగా చూడటం నియమం. అతికించే విభాగం ఇంకా మంజూరు కాలేదు.) మూడు ఊళ్ళకూ ఆయన నడిపాడు, ఆమె తట్టింది.

కుప్పంలో అక్షరాల అట్ట చదవాలి. వరుసలో ముందున్న పదకొండుమంది చదువుతుంటే విని గురుమూర్తి కంఠతా పట్టాడు. తన వంతు రాగానే కిటికీ వైపు చూస్తూ గడగడా అప్పజెప్పాడు. అట్ట ఎదురుగోడకు ఉంది.

"ఎట్ల వచ్చినారు పెద్దాయనా?" పర్యవేక్షకుడు దినేష్ అడిగాడు.

"మోపెడ్ మీదనే."

"కలకడ నుంచా! ఇంగేం కావాల? ఐదేండ్లకు లైసెన్సు ఇస్తాండా, నడుపుకో."

"దారి సూసింది నేను సారూ!" నాగరత్నమ్మ అడ్డం పడింది.

"అట్లయితే నువ్వూ సదువుమ్మా."

"అట్ట మింద ఈగ గూడా కనిపిస్తాండాది సారూ. సదువే రాదు."

దినేష్ రాసుకున్నాడు: 'భార్య ఒక్క అక్షరమూ చదవలేకపోయినందున చూపు లేదు. వెనక కూర్చుని దారి చెప్పరాదు.'

నాగరత్నమ్మ ఆదేశాన్ని పాటించింది. బండెక్కి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మోపెడ్ గేటు దాటలేదు. దినేష్ కారు తలుపుకు తగిలి ఆగింది.  గురుమూర్తి తాళంచెవి తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"బస్సు యాడ నిలబడతాది మే?"

వచ్చిన బస్సు బోర్డును ఇద్దరూ చూశారు. ఆయనకు కనబడలేదు, ఆమెకు చదవడం రాలేదు.

గురుమూర్తి పోయి ఏడాదయింది. లైసెన్సు ఇంకా రెండేళ్ళు చెల్లుతుంది.

నాగరత్నమ్మ, డెబ్బయ్యొక్క ఏళ్ళు. ఇప్పుడు ఉండేది మదనపల్లెలో.