మచ్చు మట్టి

“ఇంతవరకూ ప్రభుత్వాలు మనుషులకి స్నానాలు చేయించాయి, పుష్కరాల్లో! విగ్రహాలకి చేయించాయి, ఎలక్షన్ల ముందు! కానీ మట్టికి తలంటి పోయబోతున్న మొట్టమొదటి ప్రభుత్వం మనదే!” అని పచ్చదన శాఖ మంత్రిగారు రేపల్లె అమృతవనం పార్కులో మైకు పగిలేలా ప్రకటించారు. చప్పట్లకి షామియానా మీద కాకులు లేచిపోయాయి.

మంత్రిగారు కారు దిగిన దగ్గర్నుంచి వేదిక దాకా పచ్చ తివాచీ పరిచారు. నేలతల్లిని కాలితో తొక్కడం ఆయనకి సుతరామూ ఇష్టం ఉండదని పీఏ చెప్పాడు. ఎంత భక్తి చూడండి! తివాచీ చాలక చివర్లో రెండడుగులు ఖాళీ వస్తే, పార్టీ కుర్రాళ్ళు ఫ్లెక్సీ చింపి పరిచారు. మంత్రిగారు తన బొమ్మని తనే తొక్కుకుంటూ వేదికెక్కారు గానీ మట్టిని మాత్రం తొక్కలేదు.

వేదిక మీద ఆ చివరి కుర్చీలో కూర్చున్నవాడు శాలేమురాజు. ఊళ్ళో వడ్ల బ్రోకరు, పార్టీకి టౌను ప్రెసిడెంటు, ఆదివారం గుళ్ళో కానుకల సంచి పట్టేవాడు. ఈ సభ ఆయన చలవే. అమృతవనం కట్టకముందు ఆ స్థలంలో ఎవరో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాళ్ళు. వాళ్ళు పోయారు, సీసం ఉండిపోయింది. దానిమీదే నాలుగు ఉయ్యాలలు, ఓ జారుడుబల్ల పెట్టి పార్కు అన్నారు. అక్కడ గడ్డి మొలవదు. ఊరకుక్క కూడా అందులో పడుకోదు, గేటు బయటే పడుకుంటుంది.

శాలేమురాజుకి ఇదేం పట్టేది కాదు, మనవరాలు హెలెన్ లేకపోతే. కూతురు కృపారాణి స్కూలు టీచరు. ఆవిడ బడికెళ్తే పిల్ల అమ్మమ్మ దగ్గరుంటుంది, సాయంత్రం పార్కులో మట్టి ఇడ్లీలు చేస్తుంది. చేసి ఊరుకోదు, ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూస్తుంది. పిల్ల పాలిపోయి, తిండి మానేసి, పొద్దస్తమానం కడుపు నెప్పి అంటుంటే ప్యాసింజరు రైల్లో తెనాలి తీసికెళ్ళారు. పిల్లల డాక్టరు నాగజ్యోతి రక్తం పరీక్ష చేయించి, కళ్ళజోడు తీసి, “పెద్దాయనా, ఈ పిల్ల ఒంట్లో సీసం ఉందండి. ఆ పార్కు మట్టి ఈ పిల్ల నోటికి తగలకూడదు. ఇంకోసారి తగిలిందా, నేనేం చెప్పలేను,” అంది.

ఆ రాత్రి శాలేమురాజు అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచి పార్టీ ఆఫీసు చుట్టూ తిరిగి, కాళ్ళు పట్టుకుని, గడ్డాలు పట్టుకుని, చివరికి మంత్రిని రేపల్లె రప్పించాడు. మట్టి తవ్వి తీసేసి కొత్త మట్టి పోయిస్తామని మంత్రిగారు మాటిచ్చారు. పనిలోపనిగా, “ఈ శాలేమురాజు లాంటి కార్యకర్తని ఉద్యానవన పునరుజ్జీవన సంస్థకి డైరెక్టర్ని చేస్తే తప్పేంటి?” అని కూడా సభనడిగారు. తప్పు లేదని సభ చెప్పింది.

ఇంక మిగిలింది ఒక్కటే, మట్టి శాంపిలు. స్పెషల్ ఆఫీసరు జీవన్ కుమార్ కొత్త బూట్లు వేసుకొచ్చి గేటు దగ్గరే ఆగిపోయాడు. “శాలేమురాజు గారూ, ఇదంతా ప్రజల భాగస్వామ్యంతో జరగాలండి. ఓ గుప్పెడు మట్టి మీరే తీసి బాపట్ల ల్యాబుకి పంపించేయండి. తెనాలి మట్టీ, బాపట్ల మట్టీ కూడా అక్కడికే వస్తున్నాయి. మూడు ఊళ్ళవీ పక్కపక్కన పెట్టి చూస్తారట.”

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

వడ్ల బేరం తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్తున్నా. మిల్లు ఓనరుకి చూపించే గుప్పెడు గింజల్ని మచ్చు అంటారు. లారీలో ఎన్ని బస్తాలున్నా బేరం ఆ గుప్పెడు మీదే. తాలు బస్తాలోంచి మచ్చు తీసేవాడు బ్రోకరు కాడు, పిచ్చోడు. మంచి బస్తా చూసి, లోపలికి చెయ్యి పోనిచ్చి, రాయీ రప్పా ఏరి, తెల్ల రుమాల్లో పరిచి చూపించాలి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి శాలేమురాజు చెయ్యి ఆ పనే చేసింది. ఇప్పుడదే చెయ్యి పార్కు మట్టి మీద వంగి, బూడిద రంగు చూసి, వెనక్కొచ్చేసింది.

ఇంటికెళ్ళి పెరట్లో గోంగూర మడి ముందు గొంతుక్కూర్చున్నాడు. అది భార్య దేవకుమారి మడి. కాలవ ఒండ్రు, పేడ, కూరగాయ తొక్కలు వేసి పెంచుకున్న నల్లటి మట్టి.

“ఏవండీ, మడిలో ఏం చేస్తున్నారు?”

“మచ్చు తీస్తున్నానే. పార్కుకి.”

“పార్కు మచ్చు పార్కులో తియ్యాలి గానీ నా గోంగూరలో ఏంటండి? ఆ మట్టి పాడైందనే కదా మీ గోలంతా!”

“నోర్ముయ్యవే. తెనాలోళ్ళ మట్టి పక్కన రేపల్లె మట్టి పెట్టి నలుగురూ నవ్వాలా? పాడైన సంగతి వాళ్ళకి నోటితో చెప్పాం కదా!” అని శాలేమురాజు రాళ్ళు ఏరి, రుమాల్లో కట్టాడు.

వారం తిరక్కుండా జీవన్ కుమార్ ఫోను. గొంతులో పూనకం. “కంగ్రాట్స్ అండి! అమృతవనం మట్టిలో సీసం నిల్! సారం ఫుల్! జిల్లాలో ఇంత మంచి మట్టి లేదని రిపోర్టు. ఓ గోంగూర గింజ కూడా దొరికిందట. పార్కులో వ్యవసాయానికి అవకాశాలున్నాయని మినిస్టర్ గారికి నోట్ పెట్టేశాను.”

“మరి మట్టి తియ్యడానికి ట్రాక్టర్లు…”

“ఇంకా తియ్యడమేంటండి! వెనక్కి పంపేశాం.”

“సార్, అసలు సంగతేంటంటే, ఆ మచ్చు…”

“మీ వినయం నాకు తెలుసండి. డైరెక్టర్ పోస్టు ఫైలు కూడా కదిలింది,” అన్నాడు జీవన్ కుమార్.

కదిలిన ఫైలు ముందు శాలేమురాజు నోరు కదల్లేదు. కక్కలేక, మింగలేక, ఫోను పెట్టేసి, “ప్రభువా, ఏంటి నాకీ పరీక్ష?” అనుకున్నాడు. పిల్లని మాత్రం పార్కు గుమ్మం తొక్కనివ్వద్దని ఇంట్లో గట్టిగా చెప్పాడు. హెలెన్ తన ఇడ్లీ హోటలు అమ్మమ్మ గోంగూర మడికి మార్చేసింది. ఊళ్ళో మిగతా పిల్లలు ఎప్పట్లాగే జారుడుబల్ల కింద ఆడుకుంటున్నారు. వాళ్ళని చూసినప్పుడల్లా శాలేమురాజు సైకిలు వేరే సందులోకి తిప్పేవాడు.

మంత్రిగారు ఊరుకునే మనిషా! తెనాలి సభలో కొత్త పథకం ప్రకటించారు. “అమ్మలారా, కుండెడు పాలకి చెంచాడు మజ్జిగ తోడేస్తే ఏమవుతుంది?”

“పెరుగవుద్ది!” అన్నారు అమ్మలు.

“పార్కెడు చెడ్డ మట్టికి పిడికెడు రేపల్లె మట్టి తోడేస్తే?”

అమ్మలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పార్టీవాళ్ళు వెనకనుంచి “మంచిదవుద్ది!” అని అరిచారు. అదే ‘మట్టి తోడు’ పథకం. అమృతవనం మట్టిని పొట్లాలు కట్టి, పొట్లం మీద మంత్రిగారి బొమ్మ వేసి, తెనాలి పార్కులోనూ బాపట్ల పార్కులోనూ మేళతాళాలతో చల్లారు. మంత్రిగారు చేతులకి తొడుగులు వేసుకుని చల్లారు. మట్టికి చేతి చెమట తగలకూడదని.

కొన్నాళ్ళకి తెనాలి పార్టీ నాయకుడు నాగుల్ మీరా ఫోన్ చేశాడు. “అన్నా, మీ తోడేసిన కాణ్ణుంచీ పార్కులో గడ్డి మాడిపోతంది. పావురాలు కూడా దిగట్లా. ఏంటన్నా ఇది?”

“ఆఫీసరేమంటున్నాడు?”

“పాత చెడ్డ గడ్డి పోయి కొత్త గడ్డికి చోటిస్తందంట. అది సరే, రేపు మట్టి మళ్ళీ పరీక్షంట. మా మట్టి పంపితే నా పదవి ఊడుద్ది. నీ దగ్గర మచ్చు ఉందంటగా? బాపట్లోళ్ళకి కూడా కావాలంట.”

శాలేమురాజుకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యి సంగతేమో గానీ గొయ్యి మాత్రం నిజంగానే పడింది, గోంగూర మడిలో. తెనాలికో సంచి, బాపట్లకో సంచి, రేపల్లె రెండో పరీక్షకో సంచి. దేవకుమారి గట్టున నిలబడి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. “దేశానికంతా నా మడే దొరికిందా? రేపు నన్ను పాతిపెట్టడానికి వేరే గొయ్యి తవ్వక్కర్లేదు, ఇందులోనే దించండి!” అని, చివరికి మిగిలిన కాస్త మట్టినీ పాత పెయింటు డబ్బాలోకెత్తి, ఒక్క గోంగూర మొక్క నాటి, అరుగు చివర దాచుకుంది.

మూడు ఊళ్ళ రిపోర్టులూ వచ్చాయి. మూడింట్లోనూ సీసం నిల్. మూడింట్లోనూ గోంగూర గింజ. మూడు పార్కుల మట్టీ ఇంత అచ్చుగుద్దినట్టు ఒకేలా మారడం దేశంలో ఎక్కడా జరగలేదని పథకానికి అవార్డిచ్చారు. శాలేమురాజుకి డైరెక్టర్ పదవి ఖాయమైంది. నియామక పత్రం ఇవ్వడానికి మంత్రిగారే స్వయంగా ఆయన ఇంటికొస్తామన్నారు.

ఆ రోజు శాలేమురాజు పొద్దున్నే బాపట్ల వెళ్ళి, మంత్రిగారి కాన్వాయ్ వెనకాల కార్లో తిరిగొచ్చాడు. కారు దిగి పెరట్లోకి వచ్చి అక్కడే నిలబడిపోయాడు. గొయ్యి లేదు. నున్నగా, నిండుగా, బూడిద రంగులో కొత్త మట్టి.

“సర్‌ప్రైజ్!” అన్నాడు జీవన్ కుమార్. “మీ పెరట్లో గొయ్యి పడిందని విని మినిస్టర్ గారు ఎంత బాధపడ్డారనుకున్నారు! ఊరికింత చేసిన మనిషి ఇంటికి ఊరు చెయ్యొద్దా? అవార్డు మట్టే, రెండు ట్రాక్టర్లు. అమృతవనం నడిబొడ్డు నుంచి తవ్వించాం.”

వంటింట్లో కాఫీల హడావిడిలో ఉన్న దేవకుమారి కన్నుగప్పి, ఆ మట్టి మధ్యలో హెలెన్ కూర్చుంది. మోచేతుల దాకా మట్టి. బాదం ఆకులో నాలుగు ఇడ్లీలు పెట్టుకుని లేచి, పచ్చ తివాచీ మీదుగా మంత్రిగారి దగ్గరికి నడిచొచ్చి, “టిఫిన్ తింటారా అండి?” అంది.

కెమెరాలన్నీ అటు తిరిగాయి. మంత్రిగారు చిరునవ్వుతో వంగి, ఆకు అందుకున్నట్టే అందుకుని, మొహం కదపకుండా శాలేమురాజు చెవిలో అడిగారు, “ఏవయ్యా, ఇది పార్కుదా, గోంగూర మడిదా?”

“పా… పార్కుదేనండి.”

మంత్రిగారు నిటారుగా నిలబడ్డారు. “చిన్నపిల్ల చేతి ప్రసాదం! ముందు అధికారులు తీసుకోవాలి!” అని ఆకు జీవన్ కుమార్‌కి ఇచ్చారు. జీవన్ కుమార్ తనకి ఉపవాసమని, తెనాలి నుంచి దండ పట్టుకొచ్చిన నాగుల్ మీరాకి ఇచ్చాడు. నాగుల్ మీరా, “నాకు షుగరన్నా,” అని పీఏకి ఇచ్చాడు. పీఏ ఆకుని కళ్ళకద్దుకుని, వంగి, మళ్ళీ హెలెన్ చేతిలోనే పెట్టాడు.

“ఎవరూ తినరేంటి?” అంది హెలెన్ చిన్నబుచ్చుకుని. “పోన్లే, నేనే తింటా.”

“వద్దమ్మా!”

ఆ కేక మైకులోంచి వీధి చివరిదాకా వినిపించింది. శాలేమురాజు ఒక్క అంగలో వెళ్ళి పిల్ల చేతిలో ఆకుని కొట్టేశాడు. ఇడ్లీలు తివాచీ మీద చెదిరాయి. విలేకర్లు పెన్నులెత్తారు.

మంత్రిగారు మైకందుకున్నారు. “చూశారా! అంత విలువైన ప్రజల మట్టి! సొంత మనవరాల్ని కూడా ఒక్క ముద్ద తిననివ్వలేదు! నిజాయితీ అంటే ఇదీ!”

చప్పట్లు. శాలేమురాజు మెడలో దండ, చేతిలో నియామక పత్రం. మంత్రిగారు కారు దగ్గర రెండు సీసాల నీళ్ళతో చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు.

దేవకుమారి ఏడుస్తూ పిల్ల చేతులు సబ్బుతో తోమి తోమి కడిగి, పెయింటు డబ్బా ముందు కూర్చోబెట్టింది. “ఇందులోనే ఆడుకో తల్లీ, ఇంకెక్కడా ముట్టుకోకు.” హెలెన్ గోంగూర మొక్క చుట్టూ బుజ్జి ఇడ్లీలు అద్దడం మొదలుపెట్టింది.

జీవన్ కుమార్ మళ్ళీ లోపలికొచ్చాడు. “డైరెక్టర్ గారూ, సంతోష సమయంలో విసిగిస్తున్నాను. పొన్నూరు పార్కు కూడా పథకంలో చేరిందండి. అక్కడ మట్టి మరీ దారుణంగా ఉందట. డైరెక్టరయ్యాక ఇది మీ మొదటి పని. మచ్చు రేపటికల్లా వెళ్ళాలి. ఇంట్లో పాత మట్టి ఇంకేమైనా…”

అని అరుగు చివరికి చూశాడు. శాలేమురాజు కూడా చూశాడు. తర్వాత వెళ్ళి మనవరాలి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“కొంచెం జరుగమ్మా,” అన్నాడు.

“ఇది కూడానా తాతయ్యా?”

శాలేమురాజు జేబులోంచి తెల్ల రుమాలు తీసి పరిచాడు. డబ్బాలో పైమట్టి పక్కకి తోసి, లోపలికి చెయ్యి పోనిచ్చి, రాళ్ళు ఏరడం మొదలుపెట్టాడు.