పసుపు దారం డయాక్సైడ్

చొక్కా ఇస్త్రీ చేయాలి. బూట్లకు పాలిష్ పెట్టాలి. సుద్దముక్కలు సర్దుకోవాలి. ఏడు గంటల బస్సు అందుకోవాలి. గట్టి దారం మరవకూడదు.

సత్యేంద్ర అన్నీ చేశాడు. దారం ఒక్కటే మరిచాడు.

అది 1974. సముద్రాల అవతలి దీవిలో, నాడీ ఊరి చెరకు తోటల్లో పుట్టిన ఆ కుటుంబంలో డిగ్రీ చదివినవాడు అతనొక్కడే. నటబువా వైపు ఒక హైస్కూల్లో కెమిస్ట్రీ మాస్టరుగా చేరి ఏడాదైంది. ఆ రోజు ఇన్‌స్పెక్టరు రామ్ నారాయణ పాఠం విని మెచ్చితేనే ఉద్యోగం ఖాయం. లేకపోతే మళ్ళీ చెరకు కత్తే.

పాఠం, మాటకు ముందు చేరే ముక్కల గురించి. "బైసికిల్‌కు రెండు చక్రాలు, ట్రైసికిల్‌కు మూడు. అట్లాగే కార్బన్ డయాక్సైడ్‌లో రెండు ఆక్సిజన్‌లు, మోనాక్సైడ్‌లో ఒకటే" అని చెప్పి, మనుషుల చేతులు కట్టి చూపించాలని అతని ఆలోచన. ఇన్‌స్పెక్టరు ఉత్సాహపడి తానే కార్బన్‌గా నిలబడ్డాడు. కుడివైపు హెడ్మాస్టరు జగన్నాథ్, ఎడమవైపు సత్యేంద్ర, చెరొక ఆక్సిజన్. తీరా చూస్తే దారం లేదు!

సరిగ్గా అప్పుడే గుమ్మంలో పెద్దమ్మ ప్రేమ్‌వతి ప్రత్యక్షమైంది. అతన్ని పెంచింది ఆమే.

"బేటా, దారం బల్ల మీదే మరిచినావు. అది ఉత్త పిరికి దారం, నేను మంచిది తెచ్చినా" అంటూ పసుపు దారం తీసి, గోవింద గోవింద అనుకుంటూ మణికట్లు కలిపి మూడేసి ముళ్ళు బిగించింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. పాఠం అద్భుతంగా ముగిసింది.

"ఇంక ఖోలో" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఎట్లా విప్పేది? మా వాడి నౌకరీ కోసం పొద్దున పూజలో పెట్టిన కంకణం ఇది. ఇంటికాడ దేవునికి హారతి ఇచ్చేదాకా విప్పరాదు."

హెడ్మాస్టరు కత్తెర తెప్పించాడు. రామ్ నారాయణ అదిరిపడ్డాడు. "నహీ, నహీ! వచ్చే నెల నా బిటియా పెళ్ళి! కంకణం తెంచితే ఎంత అపశకునం!"

"పోనీ, నన్నొక్కణ్ణి వదిలేయండి" అని జగన్నాథ్ బతిమాలాడు.

వెనక బెంచీలో ఇందిర లేచి నిలబడింది. "ఒక ఆక్సిజన్ పోతే మోనాక్సైడ్ అయిపోతుంది సర్. అది విషం!"

పాఠం పిల్లలకు ఎక్కిందనడానికి అదే తొలి సాక్ష్యం.

ముగ్గురూ ఒకే టాక్సీ వెనక సీట్లో ఇరుక్కున్నారు. ముందు సీట్లో పెద్దమ్మ. దారిలో చెరకు రైలు అడ్డం వచ్చి అరగంట నిలబెట్టింది. ఇన్‌స్పెక్టరుకు ముక్కు దురద పెట్టినప్పుడల్లా ఒక ఆక్సిజన్ కూడా చెయ్యెత్తవలసి వచ్చింది. ఇల్లు చేరాక, "ఖాళీ కడుపుతో హారతి ఏంది?" అని పెద్దమ్మ ఇన్‌స్పెక్టరుకు తన చేత్తోనే రోటీ, పప్పు తినిపించింది. మధ్యాహ్నం రాకిరాకిలో చూడవలసిన మరో స్కూలు ఆయన కోసం ఎదురుచూస్తూనే ఉండిపోయింది.

హారతి అయింది. ముళ్ళు విడిపోయాయి. సత్యేంద్ర చూపు మూలనున్న చెరకు కత్తి మీద పడింది. ఇన్‌స్పెక్టరు మణికట్లు రుద్దుకుని కలం తీసి రిపోర్టులో రాశాడు: "డై అంటే రెండని ఈ పిల్లలు మరవరు. నేనూ మరవను. ఉద్యోగం ఖాయం చేయవచ్చు."

ఆ తర్వాత జాగ్రత్తగా అడిగాడు. "వచ్చే వారం ఏం పాఠం?"

"కార్బన్ టెట్రాక్లోరైడ్ సర్. కార్బన్ చుట్టూ నలుగురు కావాలి."

"ఆ వారం నాకు సెలవు."

సోడా సీసా మూత తీయగానే కార్బన్ డయాక్సైడ్ బుస్సుమన్నప్పుడల్లా, మధ్యలో నిలబడి రెండు చేతులూ కట్టించుకున్న రామ్ నారాయణగారిని మీరు ఒక్కసారి తలుచుకోండి. కూతురి పెళ్ళిలో పురోహితుడు కంకణం కట్టబోగానే, విప్పే హారతి ఎప్పుడో ముందు చెప్పమని ఆయన అడిగాడట.