వారం కూడా ఆడదు

శుక్రవారం పొద్దున్న మొదటాట అనే మనిషి వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. ముందు గోడౌనుకు వెళ్ళి యజమాని చూసి రమ్మన్న అచ్చు యంత్రాన్ని చూడాలి, తర్వాత సినిమాకు వెళ్ళాలి, సాయంత్రానికి ప్రెస్సుకు చేరి సంగతి చెప్పాలి. బూట్ల తాళ్ళు కట్టుకుంటూ ఉండగా ఆ వరుస కాస్త మారింది. యంత్రం ఎక్కడికీ పోదు. కొత్త సినిమా అలా కాదు, మధ్యాహ్నానికల్లా ఎవడో ఒకడు కథ చెప్పేస్తాడు. కనుక సినిమానే ముందు.

మొదటాట అన్నది ప్రెస్సులో వాళ్ళు పెట్టిన పేరు. ఏ సినిమా వచ్చినా మొదటిరోజు మొదటి ఆట చూడందే అతనికి ముద్ద దిగదు. చూసి ఊరుకుంటే ఎవరికీ బాధ లేదు. దాని మీద అతనికో అభిప్రాయం ఉంటుంది, అది మనం వినాలి. పోయిన వారం వచ్చిన దయ్యం సినిమాలో దయ్యం విరామం తర్వాత గానీ రాలేదనీ, వచ్చాక కూడా జీతం సరిగ్గా అందనట్టు నటించిందనీ అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాడు. అంతకుముందు వచ్చిన ప్రేమకథలో ఆ ఇద్దరూ ఒకరికొకరు ఎందుకు నచ్చారో చెప్పమని బస్సు కండక్టరును నిలదీశాడు. పాపం, ఆ కండక్టరు సినిమాలే చూడడు.

"ఏవండీ, ముందు మిషను చూసి తర్వాత ఆ సినిమా ఏదో చూసుకోండి," అంది భార్య. "ఫోర్‌మన్ కుర్చీ ఎన్నాళ్ళనుంచో ఖాళీగా ఉంది. ఈ పని సవ్యంగా చేస్తే మీకే ఇస్తానని మీ యజమాని తన నోటితోనే అన్నారు కదా! ఇది కూడా పోగొట్టుకుని వస్తే నేను ఊరుకోను."

"మిషను చూడ్డానికి ఎంతసేపు? అయినా చూడ్డానికేముంది అందులో, ఇంత ఇనుము."

"మీ సినిమాలో మాత్రం ఏముంది?"

దీనికి జవాబు చెప్పాలంటే మొదటి ఆట దాటిపోతుంది. అతను గబగబా మెట్లు దిగిపోయాడు.

యంత్రాన్ని అమ్ముతున్నది యజమాని బావమరిది. తను పెట్టిన ప్రెస్సు మూసేశాడు, యంత్రం గోడౌనులో ఉండిపోయింది. అక్క కల్పించుకుని "మీరే తీసుకోండి" అని మొగుడికి చెప్పింది. యజమాని తనే వెళ్ళి చూస్తే మొహమాటం, చూడకుండా కొంటే అనుమానం. అందుకే మొదటాటను పురమాయించాడు. "నువ్వు ఊఁ అంటే కొంటాను, ఊఁహూఁ అంటే మానేస్తాను," అన్నాడు.

ఆట ముగిసింది. మొదటాట జనంతో పాటు బయటికొచ్చి పడేసరికి చెవుల్లో ఇంకా తుపాకులు పేలుతున్నాయి. జేబులో ఫోను మోగింది. ప్రెస్సు నంబరు. ప్రతి శుక్రవారం ఈ వేళకు బైండరు ప్రెస్సు ఫోను నుంచే అతనికి చేసి సినిమా సంగతి కనుక్కుంటాడు. ఈ శుక్రవారం బైండరు జిగురు కాస్తున్నాడు. ఆ ఫోను చేసింది యజమాని.

"చూశావా?"

"చూశానన్నా. ఇప్పుడే బయటికొచ్చా."

"ఎలా ఉంది?"

"దండగ. వారం కూడా ఆడదు."

"అదేంటి? కొత్తదానిలా ఉందన్నారే!"

"కొత్తదా, నా మొహమా! ఇరవయ్యేళ్ళ నాటి పాతదే. పైన రంగులు పూసి మన నెత్తిన రుద్దుతున్నారు."

"చప్పుడేమైనా వస్తోందా?"

"చప్పుడు తప్ప ఇంకేం లేదు! చెవులు గింగురుమంటున్నాయి. సగం దాకా బాగానే నడిచింది. అక్కణ్ణుంచి లాగీ లాగీ ప్రాణం తీసింది. మధ్యలో ఆగిపోయింది కూడా. అందరం కలిసి కేకలేస్తే మళ్ళీ కదిలింది."

"వాడు అంత గొప్పగా చెప్పాడే!"

"డబ్బు కోసం ఎన్నయినా చెప్తారన్నా. ముందు మునిగేది కొన్నవాడే."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"రెండో సగం కోసి అవతల పారేస్తే, ఏమో, పనికొస్తుందేమో."

ఫోను పెట్టేసిన చప్పుడు కాస్త గట్టిగా వినిపించింది. బైండరన్న ఈ సినిమా మీద చాలా ఆశ పెట్టుకున్నట్టున్నాడని మొదటాట జాలిపడ్డాడు. తర్వాత భోజనానికి వెళ్ళాడు.

ఇక్కడ ఇతను భోంచేస్తుండగా అక్కడ యజమాని బావమరిదికి ఫోను చేసి, మొదటాట మాటల్ని ఒక్కటి కూడా పొల్లుపోనివ్వకుండా అప్పజెప్పాడు. బావమరిది అక్కకు చెప్పుకుని ఏడ్చినంత పని చేశాడు. అక్క చేతిలో పని అక్కడే పడేసి బయల్దేరింది. ముగ్గురూ గోడౌను ముందు కలుసుకున్నారు. అసలు తన యంత్రాన్ని ఎవరైనా వచ్చి చూశారా అని బావమరిది కాపలావాణ్ణి అడిగాడు. వాడు పొద్దుటినుంచీ అక్కడ లేడు. ఆ మాట చెబితే ఉద్యోగం ఊడుతుంది.

"వచ్చారండీ. చాలాసేపు చూశారండీ. కిందా మీదా కూడా చూశారండీ," అన్నాడు వాడు.

సరిగ్గా అప్పుడే మొదటాట, తను దండగన్న సినిమాలో పాటే ఈల వేసుకుంటూ వచ్చాడు.

"నువ్వేనా మా తమ్ముడి మిషన్ని తిట్టింది?" అంది యజమాని భార్య.

"నేనా? నేనిప్పుడేగా వస్తున్నాను అమ్మగారూ!"

"చూశావా, మళ్ళీ వచ్చాడు," అన్నాడు యజమాని గర్వంగా. "ఒకసారి చూసి వదిలేసే రకం కాదు. ఫోన్లో ఎంత బాధపడ్డాడో తెలుసా? ఆ బాధలో నన్ను పట్టుకుని అన్నా అన్నాడు."

మొదటాటకు ఏమీ అర్థం కాలేదు. ఎవరు ఎవరిని అన్నా అన్నారు? మళ్ళీ రావడమేమిటి, అసలు రానిదే?

బావమరిది మీదికొచ్చాడు. "నేను రంగులు పూసి నెత్తిన రుద్దుతున్నానా? చెవులు గింగురుమన్నాయా నీకు?"

ఈ మాటలు ఎక్కడో విన్నట్టుంది. బాగున్నాయి కూడా. ఏ సినిమాలోవో గుర్తు రాక మొదటాట తల గోక్కున్నాడు.

"రెండో సగం కోసి పారెయ్యాలా? అందరూ కేకలేస్తే గానీ కదలదా? ఎవరయ్యా ఆ అందరూ?"

ఫోను చేసింది బైండరు కాదని మొదటాటకు అప్పుడు వెలిగింది. పని వేళలో సినిమాకు వెళ్ళానంటే ఫోర్‌మన్ కుర్చీ మాట అటుంచి, ఉన్న స్టూలు కూడా ఉండదు. చెప్పకపోతే తన మూలంగా ఒక అక్కా తమ్ముడూ, ఒక మొగుడూ పెళ్ళాం విడిపోయేలా ఉన్నారు. పాపం, అతను మంచివాడే. చెప్పేద్దామనే నోరు తెరిచాడు.

"అయ్యా, నేనన్నది మిషను గురించి కాదండీ..."

"విన్నావా అక్కా!" బావమరిది అక్క చెయ్యి పట్టుకున్నాడు. "మిషను గురించి కాదట, నా గురించట! డబ్బు కోసం ఎన్నయినా చెప్పేది నేనట!"

"మీ గురించీ కాదండీ..."

"అయితే నా గురించా?" అంది యజమాని భార్య.

"ఎవరికీ భయపడకు. అన్నమాట మీద నిలబడు," అని యజమాని అతని భుజం తట్టాడు. ఇక నిజం చెప్పడానికి సందు దొరకలేదు.

"మాటలెందుకు, నడిపి చూపిస్తాను," అన్నాడు బావమరిది.

గోడౌను తలుపు తీశారు. మొదటాట ఆ యంత్రాన్ని మొదటిసారి చూశాడు. ఆకుపచ్చ రంగుతో నిగనిగలాడుతోంది. బావమరిది తెల్లకాగితాల దొంతర పెట్టి మీట నొక్కాడు. యంత్రం మెత్తగా, వెన్నలా నడిచింది. ఒక్కో కాగితమూ ఇటు దూరి అటు బుద్ధిగా దిగుతోంది. అక్క మొహం విప్పారింది. యజమాని మొహం ముడుచుకుంది. అందరూ మొదటాట వైపు తిరిగారు.

ఏదో ఒకటి అనాలి. "సగం దాకా బాగానే నడుస్తుందని చెప్పానుగా," అన్నాడతను.

దొంతర సగానికి వచ్చింది. లోపల ఎక్కడో కిర్రుమంది. కాగితాలు లాగీ లాగీ రావడం మొదలుపెట్టాయి, నలిగి వచ్చాయి, చిరిగి వచ్చాయి. తర్వాత చెవులు చిల్లులు పడేలా ఒక మోత మోగి యంత్రం ఆగిపోయింది. బావమరిది కేకేశాడు. అక్క కేకేసింది. యజమాని కూడా కేకేశాడు. యంత్రం మళ్ళీ కదిలింది.

అందరికంటే ఎక్కువ బిత్తరపోయింది మొదటాట. ఆ పూట చూసిన సినిమానే ఎవరో ఇనుముతో మళ్ళీ తీసినట్టుంది.

బావమరిది కూలబడిపోయాడు. "ఒట్టు బావా, నాకూ తెలీదు. ఎప్పుడూ సగం దొంతర దాటి నడపలేదు. అంత పని ఎప్పుడూ రాలేదు నాకు," అన్నాడు. ఆ మాటకు అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కళ్ళు తుడుచుకుని మొగుడి వైపు చూసింది. "వాడు మోసం చెయ్యలేదు. ఈ మిషను మీరు తీసుకుంటేనే నేను ఇంటికొచ్చేది."

ఆ చూపు యజమానికి కొత్త కాదు. నిట్టూర్చి మొదటాట వైపు తిరిగాడు. "రేపట్నుంచి ఫోర్‌మన్‌వి నువ్వే. ఒక్క చూపులో దీని జబ్బంతా పట్టేశావు. బాగుచేసి నడిపించే పూచీ కూడా నీదే."

"నేనా? నాకు దీని గురించి..."

"తెలుసయ్యా! నీకు తప్ప ఇంకెవరికి తెలుసు? ఒక్కటే మాట. ఇది ఆడేదాకా శుక్రవారం, ఆదివారం అని సెలవులడక్కు."

ఆ రోజునుంచి ఫోర్‌మన్‌గారు పగలంతా ఆ యంత్రం కింద పడుకునే ఉంటున్నారు గానీ, దాని కథ మాత్రం ఆయనకు ఇంతవరకూ అర్థం కాలేదు.