గ్రౌండుకు తాళం వేస్తేనే ఫుట్‌బాల్

పిల్లలు మంచి ఫుట్‌బాల్ ఆటగాళ్లు కావాలంటే ముందు చేయాల్సిన పని ఒక్కటే. గ్రౌండుకు తాళం వేయాలి! నవ్వకండి. గోదావరిఖనిలో మా కాలనీకి వచ్చి చూస్తే మీరే ఒప్పుకుంటారు.

మా గ్రౌండులో ఖరీదైన పచ్చగడ్డి పరిచారు. గోల్ పోస్టులు పాతి వలలు కట్టారు. కొబ్బరికాయ కొట్టిన మర్నాడే గేటుకు తాళం పడింది. తాళంచెవి గ్రౌండు కమిటీ అధ్యక్షులు పట్టాభిరామయ్య గారి దగ్గరుంటుంది. కోస్తా నుంచి ఇంజనీరుగా వచ్చి ఇక్కడే రిటైరైన పెద్దమనిషి ఆయన.

"పిల్లలు తొక్కితే గడ్డి ఏం కానండీ!" అంటారు.

నిజమే కదా! గడ్డికి కాపలా కావాలి. పిల్లలదేముంది, ఎక్కడ పడితే అక్కడ పెరుగుతారు. మా పిల్లలు క్వార్టర్ల మధ్య సందులో పెరిగారు.

విదేశాల్లో ప్లాస్టిక్ కోన్లు పెట్టి, వాటి మధ్య నుంచి బంతిని తీసుకెళ్లడం నేర్పుతారట. ఆ ఖర్చు మనకెందుకు? సందు నిండా పక్క క్వార్టరు సారలమ్మ ఆరబోసిన మిరపకాయలున్నాయి. కోన్‌కు బంతి తగిలితే కోచ్ విజిల్ ఊదుతాడు. మిరపకాయలకు తగిలితే సారలమ్మ చీపురు అందుకుంటుంది. ఏ శిక్షణ ఒంటబడుతుందో మీరే చెప్పండి!

స్పీడు కావాలా? సందు మలుపులో బొగ్గు టిప్పర్లున్నాయి. హారన్ వినబడ్డాక కూడా నిలబడే పిల్లలు మా దగ్గర లేరు. ఊపిరి బలం కావాలా? పెద్ద ఆటగాళ్లు కొండలెక్కి పలుచని గాలిలో పరుగెత్తుతారట, పాపం. మాకు ఓపెన్‌కాస్టు గని దుమ్ముతో గాలి చిక్కగా గడపలోకే వస్తుంది. నమిలి మింగడమే!

ఈ బడిలో తయారైన ఆణిముత్యం దీప. బాయిలో బొగ్గు తీసే సదయ్య బిడ్డ. పద్నాలుగేళ్లు. బంతి ఆ పిల్ల కాలు వదలదు. జిల్లా జట్టులోకి ఎంపికైతే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు వస్తుంది. ఆ సీటు కోసం ఏడాదిగా ఆ సందులో కాళ్లరిగేలా ఆడింది.

పోయిన వారం పెద్దపల్లిలో సెలక్షన్లు జరిగాయి. సదయ్య డ్యూటీకి నాగా పెట్టి బిడ్డ వెంట వచ్చాడు. నా సిద్ధాంతం గెలుస్తుంటే కళ్లారా చూద్దామని నేనూ బయల్దేరాను.

గెలిచినంత పనీ అయింది! దీప ఎదురొచ్చిన అందరినీ దాటేసింది. గోల్‌కీపర్ దూకి బోర్లా పడింది. ముందున్నది ఖాళీ గోలు. ఒక్క తన్ను తంతే చాలు. దీప తన్నలేదు. బంతిని మెల్లగా నడిపించుకుంటూ పోయింది. వెనక నుంచి ఒక అమ్మాయి వచ్చి లాక్కుపోయింది. ఇంకోసారి అవకాశమొచ్చింది. అప్పుడూ అంతే. సెలెక్టర్ తల అడ్డంగా ఊపి, దీపను బయటికి పంపేశాడు.

సదయ్య ఆగలేకపోయాడు. "ముంగట ఎవ్వలు లేకపాయె గద బిడ్డా! ఎందుకు తన్నకపోతివి?"

"గట్టిగ తంతే ఎవలింటి అద్దం పలుగుతదో అని కాలు ఆగింది బాపు. మన సందుల ఎన్నడన్న గట్టిగ తన్ననిచ్చిండ్రా?"

అంత మేధావిని, ఆ ముక్క నాకెందుకు తట్టలేదో!

సెలక్షన్లు ముగిశాక సదయ్య ఒక బంతి అడిగి తెచ్చి బిడ్డ ముందు పెట్టాడు. "తన్ను. ఈడ అద్దాల్లేవు" అన్నాడు.

దీప పరుగెత్తుకొచ్చి తన్నింది. బంతి గోల్ పోస్టు మీదుగా లేచి, గ్రౌండు అవతలి కొసకు పోయి పడింది. ఆ పిల్ల అలవాటు కొద్దీ భుజాలు ముడుచుకుని చుట్టూ చూసింది.

"ఎవ్వలు తిడ్తలేరు బాపు!" అంది. అని, ఏడ్చింది.

పాఠకులారా, మా కాలనీలో అందరికంటే బాగా ఆడే పిల్ల బంతిని బలంకొద్దీ తన్నడం అదే మొదటిసారి. అదీ, పనికిరాదని తేల్చి పంపేశాక.