మాంసం కొట్లో నెబిష్

గురువారం పొద్దున్నే బ్రైన్‌డెల్ పటాష్నిక్‌కి మోకాలు వాచింది. మా యూదుల పేట బ్రౌన్స్‌విల్‌లో గురువారం అంటే ఆడవాళ్లంతా శనివారపు పవిత్ర విశ్రాంతి దినం సబ్బాతు వంటకి మాంసం కొనే రోజు. యోనా బ్లౌస్టైన్ కొట్లో మంచి ముక్క దక్కాలంటే గొంతు, మోచేతులు, మోకాళ్లు మూడూ బాగుండాలి. బ్రైన్‌డెల్‌కి మొదటి రెండూ బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆమె మొగుడు గెట్సెల్‌కి మోకాళ్లు తప్ప ఏమీ లేవు.

కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో పని లేని రోజులు కావడంతో గెట్సెల్ ఇంట్లోనే ఉన్నాడు. ఆ సంగతి బ్రైన్‌డెల్‌కి అప్పుడప్పుడూ గుర్తు చేసుకుంటే గానీ తెలిసేది కాదు. మా వీధిలో ఆయన్ని నెబిష్ అంటారు. మా ముసలివాళ్లు ఎవరికైనా కష్టం వచ్చిందని వింటే "నెబెహ్" అని నిట్టూరుస్తారు, అంటే పాపం అని. ఒకరికి కాలు విరిగితే పాపం అంటాం, ఇల్లు కాలితే పాపం అంటాం. కాలూ విరక్కుండా, ఇల్లూ కాలకుండా ఉత్తి మనిషిని చూడగానే పాపం అనిపించిందంటే ఇక అదే అతని పేరు. పిరికివాడు వేరు, వాడు కనీసం పారిపోతాడు. నెబిష్ పారిపోవడానికి కూడా ఎవరైనా దారి ఇస్తారేమోనని చూస్తూ నిలబడతాడు. ఈ మాటను మా ఆడవాళ్లు జాలిగానూ వాడతారు, ఎగతాళిగానూ వాడతారు, పెళ్లికొడుకు నచ్చకపోతే కారణంగానూ చెబుతారు. బ్రైన్‌డెల్ ఎదుట మాత్రం అనరు. తన మొగుణ్ణి ఆ మాట అనే హక్కు తనకొక్కదానికే ఉందని ఆవిడ నమ్మకం.

"ఏమయ్యా, విను. యోనా మొదట ఇచ్చిన ముక్క తీసుకోకు. ఇంకోటి చూపించమను. రెండోదీ తీసుకోకు."

"మూడోది తీసుకోనా?"

"మూడోది తూచేటప్పుడు వాడి బొటనవేలు తక్కెడ మీద ఉందేమో చూడు. ఉంటే గట్టిగా అరిచెయ్."

"ఏమని అరవను?"

బ్రైన్‌డెల్ ఆయన జేబులో డబ్బులు పెట్టింది. "పోనీ, దగ్గు. దగ్గినా చాల్లే."

గెట్సెల్ కొట్లోకి వెళ్లి గోడ పక్కన నిలబడ్డాడు. ఆడవాళ్లు ఆయన ముందు నుంచి, పక్క నుంచి, ఒకావిడైతే చంక కింద నుంచి దూసుకుపోయారు. పై అంతస్తులో ఉండే ఫ్రుమా సంచీలో చోటు చేసుకోవడానికని ఈకలు పీకిన కోడిని ఆయన చేతిలో పెట్టి, పని అయ్యాక తిరిగి తీసుకుంది. కొక్కేనికి తగిలించినట్టే తగిలించింది, కొక్కెం నుంచి తీసినట్టే తీసింది. ఆడవాళ్ల మొహాలకేసి చూడటం మర్యాద కాదని గెట్సెల్ మాంసం వంక చూశాడు. మాంసం వంక ఎంతసేపని చూస్తాడు, కింద పరిచిన రంపపు పొట్టు చూశాడు. అదీ అయ్యాక గోడ మీది పత్రం చదవడం మొదలుపెట్టాడు. ఈ కొట్లో అమ్మేది కోషర్ మాంసమేనని, శాస్త్రప్రకారం కోసి, కడిగి, పరీక్షించినదేనని మా మతగురువు రబ్బీ లిప్మన్ గారు సంతకం పెట్టి ఇచ్చిన పత్రం అది. చదవడం అయిపోయింది. వంతు రాలేదు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

యోనా కత్తి ఆగింది. గురువారం మాంసం కొట్లో మగవాడు ఉండటమే వింత, నోరు విప్పని మనిషి ఉండటం ఇంకా వింత. పైగా ఎప్పుడూ చూడని మొహం, మాంసం చూస్తున్నాడు, నేల చూస్తున్నాడు, పత్రం రెండోసారి చదువుతున్నాడు. రబ్బీగారు ఎవరికీ మొహం తెలియని కొత్త తనిఖీదారును పెట్టబోతున్నారని కసాయివాళ్లలో ఒక పుకారు తిరుగుతోంది. యోనా మాంసంలో ఏ దోషమూ లేదు. ఆయన దోషమంతా కుడిచేతి బొటనవేల్లో ఉంది. ఆయన ఆ వేలిని మెల్లగా తక్కెడ మీద నుంచి తీసి, తుండుగుడ్డ వెనక దాచాడు.

ఆ రోజు మధ్యాహ్నం దాకా యోనా అందరికీ సరిగ్గా తూచాడు. చేసిన పాపం అదే. ఫ్రుమా ముక్కను చేత్తో ఎగరేసి చూసుకుని, "ఏంటి యోనా, ఒంట్లో బాలేదా?" అని అడిగింది.

"బానే ఉంది వదినా."

"మరి తూకమేంటి ఇలా ఉంది?"

యోనా గోడవైపు ఓ చూపు చూసి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు ఫ్రుమాకి అస్సలు నచ్చలేదు.

కొట్టు కాస్త పలచబడ్డాక యోనా చేతులు కడుక్కుని మరీ గెట్సెల్ దగ్గరికి వచ్చాడు. "అయ్యగారూ, తమకేం కావాలో సెలవియ్యండి."

గెట్సెల్ కంగారు పడ్డాడు. ఇంకా ముగ్గురు ఆడవాళ్లున్నారు. "నాకేం తొందర లేదండీ. మీ పని మీరు కానివ్వండి. నేను చూస్తూ ఉంటాను."

ఆ ఒక్క మాటతో యోనా నడుము వంగింది. లోపలికి వెళ్లి, తన ఇంటికని దాచుకున్న ఛాతీ ముక్కను కాగితంలో చుట్టి తెచ్చి గెట్సెల్ చేతిలో పెట్టాడు. గెట్సెల్ జేబులో చేయి పెడితే యోనా ఆ చేతిని జేబులోనే ఉంచి నొక్కాడు. "తమ దగ్గర డబ్బులా? ఎంత మాట." ఇంకోటి చూపించమని అడగాలి కదా అని గెట్సెల్‌కి గుర్తుంది. ధైర్యం చాలక దగ్గాడు. యోనా అదిరిపడి ఒక నాలుక కూడా చుట్టి ఇచ్చాడు.

బ్రైన్‌డెల్ కాగితాలు విప్పి, ముక్కను చూసి, మొగుణ్ణి చూసి, కుర్చీలో కూలబడింది. "నీకు ఈ ముక్క ఇచ్చాడా? యోనా? ఊరికే?"

"తీసుకోమన్నాడు, కాదనలేకపోయాను."

"సొంత అత్తగారికి బొమిక కూడా ఊరికే ఇవ్వడు వాడు. ఈ మాంసంలో ఏదో ఉంది."

సరిగ్గా అప్పుడే ఫ్రుమా పైనుంచి దిగి వచ్చింది. తూకం సంగతి ఆమె చెప్పింది, ఉచితం సంగతి ఈమె చెప్పింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. సరిగ్గా తూచేవాడు, ఊరికే ఇచ్చేవాడు ఆ సరుకును త్వరగా వదిలించుకోవాలని చూస్తున్నట్టే కదా. కోషర్ కాని మాంసమే అయ్యుండాలి, అది తగిలిన గిన్నె కూడా మైలే.

"నేను కుండలో పడేశాను కూడా బ్రైన్‌డెల్," అని ఫ్రుమా గుండె పట్టుకుంది. "నా కుండ పోయింది. గరిటె పోయింది. గరిటె పెట్టిన పళ్లెం పోయింది."

అనుమానానికి మోకాళ్ల నొప్పులుండవు కాబట్టి అది మెట్లన్నీ గబగబా ఎక్కింది. మూడో అంతస్తుకు చేరేసరికి యోనా గుర్రం మాంసం అమ్ముతున్నాడు. పక్క వీధికి చేరేసరికి ఆ గుర్రానికి రోగం కూడా వచ్చింది. ఆడవాళ్లు కుండలతో సహా కొట్టు ముందు చేరి, లోపలికి ఎవర్నీ పోనివ్వకుండా తలుపుకు అడ్డం నిలబడ్డారు. బ్రైన్‌డెల్ ఒక చేత్తో మొగుడి భుజం, రెండో చేత్తో ఆ పొట్లాలు పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. ఎవరో పోయి రబ్బీగారిని పిలుచుకొచ్చారు.

రబ్బీ లిప్మన్ వస్తూనే గోడ మీది పత్రం కింద కుర్చీ వేయించారు. అది చూసి యోనా మొహంలో నెత్తురు ఇంకిపోయింది. ఆ పత్రం దిగిందంటే మా పేటలో ఆయన దగ్గర ఒక్క ఎముక కూడా కొనేవాళ్లుండరు. కొట్టుకు తాళం, కత్తులు వేరేవాడికి, పెళ్లాం పిల్లలు వీధిలోకి.

"ఊరికే మాంసం ఎవరికిచ్చావయ్యా?" అని రబ్బీగారు అడిగారు.

"మీ మనిషికే ఇచ్చాను రబ్బీగారూ. మీరు కొత్తగా పెట్టిన తనిఖీదారుకి."

"నేనెవర్నీ పెట్టలేదే. పెడదామనే చూస్తున్నాను, దొరకడం లేదు. ఎవర్ని పంపినా రెండో కొట్టుకు పోయేసరికి అందరికీ తెలిసిపోతోంది." రబ్బీగారి కనుబొమలు దగ్గరయ్యాయి. "అయినా నా మనిషి అనుకుని లంచం ఇచ్చావన్నమాట. శుభ్రమైన మాంసం అమ్మేవాడికి లంచం ఎందుకు?"

జనం ఒక్కసారిగా "అదీ సంగతి" అన్నారు. రబ్బీగారు కుర్చీ ఎక్కి పత్రం మీద చేయి వేశారు. గెట్సెల్ పెళ్లాం పక్కనే నిలబడి అదంతా చూస్తున్నాడు. నోరు విప్పితే తన గురించి వీధి మొత్తానికి తనే చెప్పుకోవాలి. విప్పకపోతే ఒక కుటుంబం కూడు పోతుంది. బ్రైన్‌డెల్ చేయి తన భుజం మీది నుంచి తీసి, ముందుకు ఒక అడుగు వేశాడు. ఎవరూ దారి ఇవ్వలేదు. జన్మలో మొదటిసారి తోసుకుంటూ వెళ్లాడు.

"ఆ మనిషిని నేనే అండీ. నేను తనిఖీదారుని కాను. వంతు కోసం నిలబడ్డాను. అందరూ ముందుకు పోతుంటే నా వంతు అని చెప్పలేకపోయాను. ఆయనేమో నన్ను పెద్దమనిషి అనుకున్నాడు. నేను నెబిష్‌ని."

ఎన్నో ఏళ్లుగా వీధంతా ఆయన వీపు వెనకాల అన్న మాట అది. ఆయన నోటి నుంచి వినేసరికి అన్నవాళ్లందరూ నేల చూపులు చూశారు. బ్రైన్‌డెల్ కళ్లలో నీళ్లు తిరిగాయి, వాటి మీద ఆమెకే కోపం వచ్చింది.

"మరి నువ్వు దేనికి భయపడ్డావయ్యా?" అని రబ్బీగారు కుర్చీ మీది నుంచే యోనాని అడిగారు. యోనా తుండుగుడ్డ వెనక నుంచి బొటనవేలు తీసి చూపించాడు.

"అందుకా ఇవాళ తూకం సరిగ్గా ఉంది," అంది ఫ్రుమా.

రబ్బీగారు మాంసమంతా తిరగేసి, దాని మీది కోషర్ ముద్రలన్నీ చూసి, దోషం లేదని తేల్చారు. కుండలు బతికాయి. పత్రం గోడ మీదే ఉంది. యోనా మాత్రం ఇకమీదట కుడిచేయి వీపు వెనక పెట్టుకునే తూచాలన్నారు. తర్వాత ఆడవాళ్లవైపు తిరిగి, "పొద్దున ఈయన్ని ఇక్కడ చూసినవాళ్లెవరు?" అని అడిగారు.

ఎవరూ చూడలేదు. ఫ్రుమా ఒట్టేసి మరీ చెప్పింది, ఆ గోడ పక్కన ఒక కొక్కెం తప్ప ఏమీ లేదని.

రబ్బీ లిప్మన్ గెట్సెల్ వైపు తిరిగారు. ఇన్నాళ్లుగా పోగొట్టుకున్న కళ్లజోడు తన ముక్కు మీదే ఉన్నట్టు తెలిసినవాడి మొహం అయింది ఆయనది. "పొద్దంతా కొట్లో నిలబడి, అన్నీ చూసి, ఎవరి కంటా పడని మనిషి," అన్నారు మెల్లగా. "సోమవారం నుంచి రాగలవా అయ్యా?"

గెట్సెల్ కాదనలేకపోయాడు.

ఇప్పుడు ఆయన పేటలోని మాంసం కొట్లన్నీ తిరుగుతాడు, గోడ పక్కన నిలబడతాడు, ఎవరితోనూ మాట్లాడడు. మా వీధిలో ఆయన్ని నెబిష్ అనడం మానేశారు, ఉద్యోగం రాగానే ఎవర్నీ పలకరించడం లేదని పొగరుబోతు అంటున్నారు.