వెంబడిస్తున్నవారు: నలభై ఏడు

ఆ ఉదయం కోడలి కార్యక్రమం చాలా చిన్నది. భర్త ఆఫీసుకు వెళ్లగానే, అత్తగారు స్నానానికి లేవగానే, హాల్లో ఉన్న ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఒక బటన్ నొక్కాలి. మధ్యాహ్నం పన్నెండులోపు నొక్కితే గడియారాల షాపు మీదున్న గది ఆమెకు అద్దెకు దొరికినట్టే. నొక్కకపోతే, వెనక వరసలో కాచుకుని కూర్చున్న ఇంకెవరికో.

గది అంటే మహా గదేం కాదు. ఒక కిటికీ, ఒక పొడవాటి బల్ల, తలుపుకు లోపలి గడియ. ఆ గడియను చూసే ఆమె మనసు పారేసుకుంది. పాత పుస్తకాలకు బైండింగ్ చేయడం నేర్చుకుని రెండేళ్లయింది. గ్రంథాలయం వాళ్లు చిరిగినవాటిని కట్టలు కట్టలుగా పంపుతున్నారు. ఆమె కార్ఖానా మాత్రం ఇంకా భోజనాల బల్లే. జిగురు డబ్బా తీసి కంచాలు పెట్టాలి, కంచాలు తీసి జిగురు డబ్బా పెట్టాలి. మొన్న భర్త మోచేయి ఒక భూగోళశాస్త్రం అట్టకు అతుక్కుపోయింది. చొక్కాను కాపాడాలా, పుస్తకాన్ని కాపాడాలా అని ఆమె ఆలోచించడానికి పట్టిన సమయం ఆయనకు నచ్చలేదు.

గది సంగతి ఆయనకు చెప్పకపోవడానికి కారణం కోపం కాదు, అనుభవం. ఆయన బీమా కంపెనీలో క్లెయిములు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. కాలిపోయిందన్న గోదాము నిజంగా కాలిందా, పోయిందన్న బండి నిజంగా పోయిందా అని తేల్చడం ఆయన పని. ఆ పద్ధతిని ఇంటికీ పట్టుకొచ్చాడు. ఫ్రిజ్ కొందామంటే నాలుగు నెలలు విచారణ జరిపాడు, ఈలోగా కంపెనీవాళ్లు ఆ మోడల్ తయారుచేయడమే మానేశారు. అందుకని గది ఖాయం చేసుకున్నాకే చెబుదామనుకుంది. ఆయన వృత్తిలో ఇంకో సూత్రం కూడా ఉంది. ముందు సాక్ష్యాలు పోగుచెయ్యాలి, క్లెయిము పెట్టినవాణ్ణి అందరికంటే చివర అడగాలి. ఈ కథ జరగడానికి ఆ సూత్రమే కారణం.

ముందురోజు ఆమె ఆ గది బొమ్మను ఇంటర్నెట్‌లో అయిదారుసార్లు చూసుకుని మురిసింది. అప్పటినుంచి ల్యాప్‌టాప్‌కి ఏదో పూనింది. వార్తలు తెరిస్తే పక్కన ‘ఒక్కరికి సరిపోయే గది’. వాతావరణం చూద్దామంటే ‘ఒంటరి మహిళలకు సురక్షితమైన వసతి’. అత్తగారికి మోకాళ్ల నొప్పుల తైలం వెతికితే, తైలం సీసా నెత్తిమీదే ‘కొత్త జీవితం మొదలుపెడుతున్నారా? సామాను మేం మోస్తాం’. ఇంటికంతటికీ ఉన్నది ఆ ఒక్క ల్యాప్‌టాపే.

పొద్దున్నే గ్రంథాలయం ఆవిడకు ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకుంది. ఆవిడ దగ్గర మందు ఉంది. బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న పనిముట్టు ఒకటి ఉందట. మనం ఏం చూస్తున్నామో ఎవరెవరు కనిపెడుతున్నారో అది చూపిస్తుంది, వద్దంటే ఆపేస్తుంది. కోడలు తగిలించింది. పై మూల డాలు గుర్తొకటి వెలిసింది. దాన్ని నొక్కితే చీటీ తెరుచుకుంది: ‘ఈ పేజీలో మిమ్మల్ని వెంబడిస్తున్నవారు: 47.’

కాలేజీ రోజుల్లో కూడా తన వెనక ఇంతమంది పడలేదని ఆమెకు ఒక్క క్షణం గర్వంగానే అనిపించింది. తర్వాత ఒళ్లు మండి, పనిముట్టును ‘అతి కఠినం’ దగ్గర పెట్టింది. ప్రకటనలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి.

“నలభై ఏడుగురా?” అంది వెనకనుంచి అత్తగారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పయ్యేళ్లు ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. చప్పుడు చేయకుండా దాపుల్లో నిలబడటం అక్కడ అబ్బిన విద్య. “మా ఎక్స్ఛేంజిలో ఊరు మొత్తానికి ఆరుగురం. నీ ఒక్కదానికే నలభై ఏడుగురు ఎందుకే? జీతాలు ఊరికే వస్తున్నాయేం?”

మనుషులు కారని, కంపెనీలని, చూసింది చూసినట్టు ఇంకొకళ్లకు అమ్ముకుంటాయని కోడలు వివరించింది. అత్తగారి మొహం అసహ్యంతో ముడుచుకుపోయింది.

“మేమూ విన్నాం. ఒక్క ముక్క బయటపెట్టామా? వృత్తికో మర్యాద ఉండొద్దూ. ఇంతకీ నువ్వేం చూశావని వెంటపడ్డారు?”

“జిగురు అత్తయ్యా. కొత్తరకం జిగురు.”

అబద్ధం గొంతులో ఎక్కడ పుడుతుందో ముప్పయ్యేళ్లు హెడ్‌ఫోన్‌లో విన్న మనిషి తువ్వాలు భుజాన వేసుకుంది. స్నానానికి వెళ్లిపోయింది.

ఇక భర్త. ఆయన ముందురోజు సాయంత్రమే ఆ ప్రకటనలన్నీ చూశాడు. చూసి, జేబులో డైరీ తీసి, వేళతో సహా రాసుకున్నాడు. పొద్దున మళ్లీ చూసేసరికి ఒక్కటీ లేదు. ఆయన లెక్క ప్రకారం, ఉన్న సాక్ష్యం కంటే మాయమైన సాక్ష్యం ప్రమాదకరం. గోదాము తగలబెట్టినవాడు మొదట చేసేది రిజిస్టర్లు మాయం చేయడమే. వెంటనే ఒంట్లో బాగోలేదని ఆఫీసుకు సెలవు చెప్పి, పెరటి వరండాలోకి వెళ్లి చెల్లెలికి ఫోన్ చేశాడు. గొంతు బాగా తగ్గించే మాట్లాడాడు. కానీ అటువైపు మాట వినకుండానే సంభాషణ మొత్తం పూర్తిచేసుకోగల మనిషి ఒకరు పక్కనున్న స్నానాలగదిలో ఉన్నారు.

ఇవేవీ కోడలికి తెలియవు. ఆమెకు తెలిసిందల్లా, ఆఫీసుకు వెళ్లాల్సిన మనిషి ల్యాప్‌టాప్‌కి మూడడుగుల దూరంలో సోఫాలో పేపరు పట్టుకుని కూర్చున్నాడని. ఏం జ్వరమని అడిగితే, ఇంకా తేలలేదన్నాడు. పేజీ మాత్రం గంటసేపటికీ తిప్పలేదు.

పదకొండున్నర అయింది. ఇంక లాభంలేదని, ఆయన ఎదురుగానే సైటు తెరిచింది. గడియారాల షాపాయన తమ్ముడి కొడుకు అద్దెల సంగతంతా అందులోనే పెట్టాడు. అన్నీ నింపింది. చివర ‘ముందుగా మీరు మనిషేనని నిరూపించుకోండి’ అని ఉంది. కింద బొమ్మలు రావాలి, వాటిల్లో సైకిళ్లో మెట్లో ఏరి చూపించాలి. బొమ్మలు రాలేదు. తెల్లటి గడి, అందులో గిరగిరా తిరిగే చక్రం. పక్కన డాలు గుర్తు చల్లగా చెబుతోంది: ఇద్దరిని ఆపాను.

అప్పుడర్థమైంది. బొమ్మలు పంపేవాణ్ణి కూడా పనిముట్టు దొంగల్లో కలిపేసింది. దాన్ని ఆపేస్తే బొమ్మలొస్తాయి. వాటితోపాటు ఒంటరి మహిళలు, కొత్త జీవితం, సామాను మోసేవాళ్లు అందరూ తిరిగొచ్చి, సోఫా ఎదురుగా ఊరేగుతారు. ఆపకపోతే తను మనిషినని రుజువు చేసుకోవడం కుదరదు. పన్నెండేళ్ల సంసారంలో ఇలాంటి పరిస్థితులు కొత్త కాదు గానీ, ఇంత స్పష్టంగా ఎవరూ రాసి చూపించలేదు.

అత్తగారు కళ్లజోడు వెతుక్కుంటున్నట్టుగా వచ్చి, కోడలి భుజం మీదుగా తెర మీద గది బొమ్మను, కిందున్న గడియారాల షాపు పేరును తీరిగ్గా చదివి, తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. కళ్లజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది.

పన్నెండుకు ఇంకా ఇరవై నిమిషాలు. కోడలు లేచి, బైండింగ్ చేసిన రెండు పుస్తకాలు సంచిలో పడేసుకుంది. షాపాయనకు పని చూపిస్తే కొంచెం నమ్మకం కలుగుతుందని. పేపరు వెనకనుంచి ఆ సంచి ఒక మనిషి బట్టలకు సరిగ్గా సరిపోయేటట్టు కనిపించింది.

“ఇప్పుడే వస్తానండీ,” అంది.

“ఊఁ,” అని, ఆమె గుమ్మం దాటగానే ఆయన డైరీలో వేళ వేసుకుని, స్కూటరు తీసి, నడిచే మనిషి వెనకాలే బండి కిందపడకుండా తోలడం అనే కష్టమైన విద్యకు పూనుకున్నాడు.

గడియారాల షాపాయన కంట్లో భూతద్దం బిగించుకుని ఏదో చిన్న చక్రాన్ని పలకరిస్తున్నాడు. ఆమెను చూసి నొచ్చుకున్నాడు.

“ఆ గది ఇప్పుడే ఖాయమైపోయిందమ్మా. ఒకావిడ ఫోన్ చేశారు. సైటూ గియిటూ అనకుండా నేరుగా షాపు నంబరుకే చేశారు. ఆ నంబరు నాకే సరిగ్గా గుర్తుండదు.”

“పన్నెండు దాకా ఆగుతానన్నారు కదండీ. ఇంకా కాలేదు.”

ఇద్దరూ గోడవైపు చూశారు. ముప్పై గడియారాలున్నాయి, ఏ రెండింటికీ మాటల్లేవు. సంచిలో పుస్తకాలు ఒక్కసారిగా బరువెక్కాయి. మళ్లీ భోజనాల బల్ల, మళ్లీ కంచాలు, ఆ లోపలి గడియ ఇంకెవరి చేతికో.

అంతలో ఆటో ఆగింది. అందులోంచి మొదట ఒక ట్రంకుపెట్టె, తర్వాత రెండు దిండ్లు, తర్వాత మోకాళ్ల తైలం సీసా, ఆఖరున అత్తగారు దిగారు.

“నేనే ఫోన్ చేసింది,” అంది షాపాయనతో. “మీ నాన్నగారి రోజుల్నుంచీ మీ నంబరుకు లైను కలిపింది నేనే. మంచాలు రెండు పడతాయా?”

“మీరెందుకొచ్చారు అత్తయ్యా?”

“నువ్వెళ్లిపోతే వాడితో నేనొక్కదాన్నే ఎలా వేగుతాననుకున్నావే? పాలు విరిగాయంటే నిజంగా విరిగాయా, ఎవరైనా విరిచారా అని విచారణ పెడతాడు. పెంచినంతవరకూ పెంచాను, ఇంక నావల్ల కాదు.”

ఎదుటి కరెంటు స్తంభం వెనకనుంచి హెల్మెట్ ఒకటి మెల్లగా బయటికొచ్చింది. దాని కింద ఇన్‌స్పెక్టరుగారు, చేతిలో డైరీతో. ఆయన మొహం చూస్తే ఈసారి జ్వరం నిజంగానే వచ్చినట్టుంది. వృత్తిధర్మం ప్రకారం అందరికంటే చివర అడగాల్సిన ప్రశ్న అప్పుడడిగాడు.

“నువ్వు ఇల్లు విడిచి వెళ్లిపోతున్నావా?”

“పుస్తకాలు కుట్టుకోవడానికి గది చూసుకున్నానండీ. సాయంత్రం అయిదింటికి ఇంటికి వచ్చేస్తాను.”

షాపులో గడియారాలు ఒకదాని తర్వాత ఒకటి పన్నెండు కొట్టడం మొదలుపెట్టి, మొత్తం ముగించేసరికి తొమ్మిది నిమిషాలు పట్టింది. ఆ తొమ్మిది నిమిషాల్లో ఆయన డైరీలో మూడు పేజీలు కొట్టేశాడు. కొట్టేసి, గొంతు సవరించుకుని, పైన గోడలకు తేమ ఉందేమో చూశావా అన్నాడు. ఆ మాట విని ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఇల్లు ఇంకా చెక్కుచెదరలేదన్నమాట.

“తేమ సంగతి నేను చూసుకుంటాలేరా,” అంది అత్తగారు. “గది నా పేరు మీదుంది. పెట్టె కూడా దింపేశాను. ముసలిదాన్ని, మాటిచ్చి వెనక్కి పోతే బావుండదు.”

కోడలు నెమ్మదిగా నచ్చజెప్పి చూసింది. భర్త గట్టిగా చెప్పి చూశాడు. షాపాయన మాత్రం ఫోన్లో మాటిచ్చింది ఆవిడకేనని తేల్చేశాడు.

అప్పటినుంచి రోజూ పదింటికి ఇద్దరూ కలిసే వెళుతున్నారు. లోపలి గడియ పెట్టేది అత్తగారే. కోడలు కుడుతుంటే ఎదురుకుర్చీలో కూర్చుని దారం అందిస్తుంది, కింద షాపుకొచ్చే ఫోన్లలో మిగతా సగం పూరిస్తుంది. గ్రంథాలయం వాళ్ల జాబితా కోసం కోడలు ల్యాప్‌టాప్ తెరిచినప్పుడల్లా కుర్చీ దగ్గరికి లాక్కుని, కళ్లజోడు సవరించుకుని, ఆమె భుజం మీదుగా డాలు గుర్తు కింద లెక్కను పైకి చదువుతుంది.

“వెంబడిస్తున్నవారు: సున్నా.”