కలుపు నిర్మూలన సన్మానసభ

ఒక పెద్ద అడవిలో పురుగుల పంచాయతీ ఒకటి ఉండేది. మనుషులు ఆ అడవిని వేరుశనగ చేను అంటారు గానీ, చీమ ఎత్తు నుంచి చూస్తే ఎవరికైనా అది అడవే.

దాని ప్రెసిడెంటు లద్దెపురుగు లద్దయ్య. రాత్రంతా వేరుశనగ ఆకులు మేసి, పగలంతా పడి నిద్రపోయే నాయకుడు. ఆయనకు ఒకటే బెంగ, సాలెపురుగు సాలెమ్మ. గుడ్ల సంచి వెనక కట్టుకుని, గరికలో కాపురం ఉంటూ, లద్దయ్య చుట్టాలను ఒక్కొక్కరినే భోంచేస్తోంది.

'పొమ్మంటే పోదు. ఇల్లు పీకేస్తే అదే పోతుంది' అనుకున్నాడు లద్దయ్య. ఎంత తెలివో చూడండి!

మర్నాడే సభ పెట్టాడు.

"సోదర సోదరీ పురుగులారా! మన చేను చూస్తే సిగ్గేస్తోంది. ఎక్కడ చూసినా గరిక, తుంగ, గునుగు! ఇవి ఎవరు వేస్తే మొలిచాయండీ? పిలవని పేరంటానికి వచ్చినవి! పీకేద్దాం!"

ఆరుద్ర పురుగు తన ఎర్ర మఖమలు కోటు సర్దుకుంటూ లేచింది. ఏటా తొలకరికి వచ్చి, దేనికైనా సరేనని వెళ్ళిపోయే పెద్దమనిషి.

"బ్రహ్మాండం! నేను బలపరుస్తున్నా. ఇంతకీ విషయమేమిటి?"

వెయ్యికాళ్ళ రోకలిబండ పురుగును అభిప్రాయం అడిగారు. అది అలవాటు ప్రకారం చుట్టచుట్టుకుని పడుకుంది. ఒప్పుకున్నట్టే లెక్క అన్నాడు లద్దయ్య.

సాలెమ్మ గుడ్ల సంచితో సహా ముందుకు వచ్చింది. "అయ్యా, నా గుడ్లు రేపో మాపో పగిలేలా ఉన్నాయి. గరిక పీకేస్తే ఈ ఎండకు మాడిపోతాయి. పిల్లల్ని ఎక్కడ కనను?"

"అభివృద్ధి కావాలంటే త్యాగాలు తప్పవమ్మా."

"ఎవరి త్యాగాలు?"

"మీవే!"

చప్పట్లు మోగాయి. ఆ చప్పుడుకు విచ్చుకున్న రోకలిబండ, తన కాళ్ళన్నిటితో కొట్టేసరికి పొద్దువాలింది.

కీచురాళ్ళు కొరికాయి, చీమలు మోశాయి. చేలో గరిక పరక మిగల్లేదు. సాలెమ్మ ఏడుస్తూ సంచి ఈడ్చుకుంటూ గట్టు మీదికి పోయింది. గట్టు పంచాయతీ కిందికి రాదు కాబట్టి అక్కడి కలుపు బతికిపోయింది. జెర్రి కూడా అటే పోయింది. పెంకుపురుగులూ పోయాయి. ఇక తమను తినేవాళ్ళెవరూ చేలో లేరని లద్దయ్య బలగమంతా ఆ రాత్రి పండగ చేసుకుని, వేరుశనగ ఆకులన్నీ ఈనెలతో సహా నమిలేసింది.

తెల్లారగానే ప్రెసిడెంటు గారికి సన్మానం. గునుగు పూలదండ వేద్దామంటే గునుగు లేదు. శాలువాగా కప్పడానికి ఆకు లేదు.

"పరవాలేదు, ఉపన్యాసం ఉందిగా!" అని లద్దయ్య అందుకున్నాడు. మధ్యాహ్నమైంది. ఎండ చుర్రుమంది. ఆవులింతలు మొదలయ్యాయి.

"ఇక పడుకుందాం పదండి" అన్నాడు.

ఎక్కడ? ఇన్నాళ్ళూ ఆయనా, ఆయన చుట్టాలూ పగలు పడుకున్నది ఆ గరిక దుబ్బుల కిందే! వేరుశనగ మొక్కల కింద దూరదామంటే మిగిలినవి కాడలే.

అప్పుడే గోరింకల గుంపు దిగింది.

"అబ్బ! ఎంత శుభ్రంగా వడ్డించారే!" అంది పెద్ద గోరింక.

ఆరుద్ర పురుగు సీజను అయిపోయిందంటూ మట్టిలోకి జారుకుంది. రోకలిబండ చుట్టచుట్టుకుంది. చుట్టాలందరూ గోరింకల పాలయ్యాక, లద్దయ్య ఒక్కడే పడుతూ లేస్తూ గట్టు మీది గరిక దుబ్బు దగ్గరికి పాకాడు.

"సాలెమ్మక్కా! కాస్త నీడ ఇవ్వు. నీకు పుణ్యముంటుంది!"

సాలెమ్మ వీపు మీద అప్పుడే పుట్టిన పిల్లలు బిలబిలలాడుతున్నారు. అందరూ క్షేమం. ఆమె సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

"రా తమ్ముడూ, రా! పసిపిల్లల తల్లిని, ఇవాళ వంటెలాగా అని దిగులుపడుతున్నా. వేళకు వచ్చావు!"

నీతి: కలుపు నిక్షేపంగా పీకండి, మీరు పడుకునే దుబ్బు మాత్రం ఆఖరున పీకండి.